మీకు తెలుసా? కబంధుడికి కళ్ళెన్నో!

వడ్డీ వ్యాపారుల కబంధ హస్తాలు, ఇసుక మాఫియా కబంధ హస్తాలు, దళారుల కబంధ హస్తాలు. ఈ మాట అచ్చుకాని వారం మన పత్రికల్లో ఉండదు. చేతులు మాత్రం భద్రంగా గుర్తుపెట్టుకున్నాం. కన్ను మరిచిపోయాం.

వాల్మీకి అరణ్యకాండలో కబంధుడికి తల లేదు, మెడ లేదు. నోరు కడుపులో ఉంటుంది. రొమ్ము మీద ఒకే ఒక పెద్ద కన్ను. గ్రీకుల ఒంటికన్ను రాక్షసుడు సైక్లోప్స్ గురించి చదివి "అబ్బ, ఎంత విచిత్రం" అనుకునే ముందు, మన ఇంట్లో ఒకడు ఎప్పటినుంచో ఉన్నాడని ఒప్పుకోవాలి. అతనికి ఆ రూపం ఎలా వచ్చిందో కూడా రామాయణం చెబుతుంది. బ్రహ్మ దీర్ఘాయువు ఇచ్చాడన్న ధీమాతో ఇంద్రుడి మీదికి పోయాడు. ఇంద్రుడు వజ్రాయుధంతో కొడితే తల, తొడలు మొండెంలోకి దిగబడిపోయాయి. మరి తిండి ఎలా అని అడిగితే యోజనం పొడవు చేతులు, కడుపులో నోరు ఇచ్చాడు. ఆ చేతుల్లో చిక్కిన రామలక్ష్మణుల్లో రాముడు కుడిచెయ్యి, లక్ష్మణుడు ఎడమచెయ్యి నరికారు. దహనం చేశాక దివ్యరూపంతో లేచి, సుగ్రీవుడి దగ్గరికి దారి చెప్పింది ఇతనే.

గ్రీకు కథలో ఒంటికన్ను పాలిఫెమస్ కన్నుపోయి, తప్పించుకున్నవాళ్ళ ఓడ మీదికి కొండరాళ్ళు విసిరి, శాపనార్థాలు పెట్టాడు. మనవాడు దారి చెప్పి వెళ్ళాడు. ఎవరు మర్యాదస్తులో వేరే చెప్పక్కర్లేదు.

అశోకవనంలో కాపలా

సుందరకాండలో సీత చుట్టూ కూర్చున్న రాక్షస స్త్రీల వర్ణనలో ఒంటికన్నుది ఒకతె ఉంది, ఒంటిచెవిది ఉంది, చెవులనే దుప్పటిలా కప్పుకునేది కూడా ఉంది. ఈ చెవుల దుప్పటిని కాస్త గుర్తుంచుకోండి, మళ్ళీ పని పడుతుంది.

రేపల్లె రైల్లో ఒంటికన్ను దేవుడి పేరు

తెనాలిలో రేపల్లె బండి ఎక్కితే వేమూరు దాటాక భట్టిప్రోలు వస్తుంది. అక్కడి బౌద్ధ స్తూపాన్ని 1892లో అలెగ్జాండర్ రే తవ్వించినప్పుడు ధాతువులు దాచిన రాతి భరిణెలు, వాటి మీద బ్రాహ్మీ లిపికి చెందిన ఒక ప్రత్యేకమైన రకంలో రాతలు బయటపడ్డాయి. ఆ రాతల్లో ఒక రాజు పేరు ఉంది: కుబిరకుడు. క్రీస్తుకు పూర్వపు మాట ఇది. కృష్ణ ఒడ్డున కుబేరుడి పేరు పెట్టుకున్న రాజన్నమాట.

కుబేరుడంటే మనకు బొజ్జ, నిధులు, తిరుపతి వెంకన్నకిచ్చిన అప్పు గుర్తొస్తాయి. ఆయనకు 'ఏకాక్షిపింగళుడు' అన్న పేరు కూడా ఉందని చాలామందికి తెలియదు. ఉత్తరకాండ కథ ప్రకారం హిమాలయం మీద తపస్సు చేస్తూ, శివుడి పక్కనున్న పార్వతిని 'ఈవిడెవరు?' అన్నట్టు చూశాడు. ఎడమకన్ను మాడి పచ్చబారింది. తరవాత శివుడు స్నేహం ఇచ్చి, పేరూ ఇచ్చాడు. రాజుగారికి పేరు పెట్టిన పెద్దలు ఈ కన్ను సంగతి తలుచుకుని పెట్టారని నేననను. రేపల్లె బండి భట్టిప్రోలులో ఆగినప్పుడల్లా మాత్రం నాకు అదే గుర్తొస్తుంది.

ఇంకొకాయన అందరికీ తెలిసినవాడే. బలి దానం ధారపోస్తుంటే కలశం రంధ్రానికి అడ్డుపడి, వామనుడి దర్భమొనకు కన్ను పోగొట్టుకున్న శుక్రాచార్యుడు. పోతన భాగవతం పుణ్యమా అని ఆయన ఒంటికన్ను తెలుగువాళ్ళ నోట్లో నానింది. కాకి సంగతి సరేసరి.

ఇక్కడ ఒక తేడా ఉంది. కబంధుడు, కుబేరుడు, శుక్రుడు, కాకి, వీళ్ళెవరూ పుట్టుకతో ఒంటికన్నువాళ్ళు కాదు. మన కథలు కన్ను ఎందుకు పోయిందో లెక్క అప్పజెప్పి గానీ ముందుకు పోవు. గ్రీకులు ఆ లెక్క చెప్పలేదు. రెండు వేల ఏళ్ళుగా పండితులు కొట్టుకుంటున్నది ఆ చెప్పని లెక్క గురించే.

హోమర్ అసలు ఒంటికన్ను అనలేదు

నమ్మబుద్ధి కాదు గానీ, ఒడిస్సీ తొమ్మిదో భాగంలో పాలిఫెమస్‌కు ఒకటే కన్ను అని హోమర్ ఎక్కడా ముక్కు సూటిగా చెప్పడు. ఒడీసియస్ ఆలివ్ కర్రను చెక్కి, నిప్పుల్లో కాల్చి, తాగి పడుకున్న రాక్షసుడి 'కన్ను'లో పొడుస్తాడు. ఒక్క కన్నుతోనే వాడు గుడ్డివాడయ్యాడు కాబట్టి ఇంకోటి లేదని మనం అర్థం చేసుకోవాలి. నుదుటి నడిమి కన్ను గురించి విడమరిచి చెప్పినవాడు మరో గ్రీకు కవి హెసియడ్. అతని లెక్కలో సైక్లోప్స్ ముగ్గురే: బ్రోంటెస్, స్టెరోపెస్, ఆర్జెస్. ఉరుము, మెరుపు, ధగధగ అని అర్థం చెప్పుకోవచ్చు. జ్యూస్‌కు పిడుగును తయారుచేసి ఇచ్చిన కొలిమి పనివాళ్ళు వాళ్ళు. గొర్రెలు కాసుకుంటూ మనుషుల్ని తినే పాలిఫెమస్‌కూ ఈ కమ్మరులకూ పేరు తప్ప పోలిక లేదు.

చక్రాక్షుడు, లేదా పశువుల దొంగ

పేరు సంగతికొస్తే, గ్రీకులో 'కుక్లోస్' అంటే చక్రం, 'ఓప్స్' అంటే కన్ను. గుండ్రటి కన్నువాడని అర్థం, ఒంటికన్నువాడని కాదు. ఇంకా తమాషా ఏమిటంటే, కుక్లోస్, మన చక్రం ఒకే మూలం నుంచి వచ్చిన మాటలు. ఓప్స్, అక్షి కూడా అంతే. సైక్లోప్స్‌ను భాగాలు విడగొట్టి సంస్కృతంలోకి తెస్తే చక్రాక్షుడు అవుతాడు. తెనాలి బజార్లో మనం తొక్కే సైకిల్ కూడా ఆ కుటుంబంలోదే.

జర్మన్ సంస్కృత పండితుడు పౌల్ థీమె దీన్ని ఒప్పుకోలేదు. పదం తొలి రూపంలో 'పశు' అనే ధాతువు ఉందని, వెనకది కన్ను కాదని, దొంగ అనే అర్థమిచ్చే 'క్లోప్స్' అని 1951లో వాదించాడు. అంటే పశువుల దొంగ. జనం అసలు అర్థం మరిచిపోయి, చెవికి వినబడినట్టు 'గుండ్రటి కన్ను' అనుకున్నారట. ఆ పొరపాటులోంచి ఒంటికన్ను మొలిచిందట. అందరూ ఒప్పుకున్న మాట కాదు గానీ, పశువుల దొంగ అంటే నాకు చప్పున వెలిగింది. రేపల్లె అన్నా వ్రేపల్లె అన్నా గొల్లల పల్లె. కృష్ణుడు పెరిగిన ఊరి పేరే మన ఊరికీ ఉంది. ఆవుల్ని, దూడల్ని ఎత్తుకుపోవడం, గుహలో దాచి రాయి అడ్డం పెట్టడం పశువుల్ని మేపుకునే జనం చెప్పుకునే కథల్లో ఎక్కడైనా ఉంటుంది. మన భాగవతంలో లేగల్ని, గోపబాలుల్ని దాచింది బ్రహ్మదేవుడంతటివాడే.

తెనాలి నుంచి ఇథాకా దాకా

తెలుగు పిల్లలకు ఈ ఒంటికన్ను రాక్షసుడిని పరిచయం చేసింది ఎక్కువగా తెనాలివాళ్ళే. 1947 జులైలో చందమామ మొదలుపెట్టిన ఇద్దరిలో చక్రపాణిది తెనాలి. 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా ఆ పత్రికను నడిపించిన కొడవటిగంటి కుటుంబరావు 1909లో తెనాలిలో పుట్టారు. తోకచుక్క మొదలు ఎన్నో మాంత్రికుల సీరియళ్ళు రాసిన దాసరి సుబ్రహ్మణ్యం కూడా ఆ తాలూకా మనిషే. ఇలియడ్ కథ 'భువనసుందరి'గా, ఒడిస్సీ 'రూపధరుడి యాత్రలు'గా చందమామలో ధారావాహికలై వచ్చాయి. హెలెన్ భువనసుందరి, ఇథాకా రాజు ఒడీసియస్ రూపధరుడు.

పేర్లు ఇలా మార్చడం చూసి ఇప్పటివాళ్ళు ముఖం చిట్లించవచ్చు. నేను చిట్లించను. చిన్నప్పుడు చదివినవాళ్ళకు అది పరాయి దేశపు కథ అన్న స్పృహే ఉండేది కాదు. అటకమీద కుట్టి దాచిన పాత సంచికల్లో రూపధరుడు విక్రమార్కుడి పక్కనే ఉండేవాడు. గుహలో రాక్షసుడు, గొర్రెల పొట్టల కింద వేలాడుతూ బయటపడ్డ మనుషులు, ఇదంతా గోదావరి ఎగువన ఎక్కడో జరిగిందన్నట్టుగా చదువుకున్నాం. కాలేజీలో హోమర్ పేరు విని, కథ మొదలవగానే "ఇది మన రూపధరుడి కథ కదా" అనుకున్నవాళ్ళు నా ఒక్కడితో పోరు.

తెలుగు వ్యాకరణం ముందు ఓడిపోయిన యుక్తి

ఒడిస్సీలో అందరికీ నచ్చే యుక్తి ఒకటి ఉంది. రాక్షసుడు పేరడిగితే ఒడీసియస్ "నా పేరు ఊటిస్" అంటాడు. ఊటిస్ అంటే గ్రీకులో 'ఎవరూ కాదు' అని. కన్ను పోయాక పాలిఫెమస్ గావుకేక పెడితే, చుట్టుపక్కల రాక్షసులు బయటినుంచి అడుగుతారు, ఎవరయ్యా నిన్ను చంపుతున్నదని. "ఊటిస్ చంపుతున్నాడు" అంటాడు. ఎవరూ చంపకపోతే ఈ అరుపులెందుకని వాళ్ళు తిరిగి వెళ్ళి పడుకుంటారు.

ఇప్పుడు దీన్ని తెలుగులో పెట్టి చూడండి. పేరు 'ఎవడూ' అని పెట్టామనుకోండి. రాక్షసుడు "నన్ను ఎవడూ చంపుతున్నాడు" అని అరవాలి. అలా ఏ తెలుగువాడూ అనడు. మన భాషలో 'ఎవడూ' వచ్చిందంటే వెనకాల 'లేదు'నో, 'కాదు'నో, 'చంపట్లేదు'నో రావాలి. 'లేదు' పెడితే రాక్షసుడు నిజంగానే ఎవరూ చంపట్లేదని చెప్పినట్టు. పెట్టకపోతే పక్కింటి రాక్షసుడికి వెంటనే అనుమానం. తెలుగు సైక్లోప్స్‌ను మోసం చెయ్యాలంటే ఒడీసియస్ ఇంకో పేరు వెతుక్కోవాలి. 'నిన్న' అని పెట్టుకుంటే సరిపోతుందేమో. "ఎవడు పొడిచాడ్రా?" "నిన్న పొడిచాడు!" ఇది కాస్త నడుస్తుంది. తెనాలి రామలింగడికి అప్పజెప్పాల్సిన పని.

ఏనుగు పుర్రె

ఒంటికన్ను ఎక్కడినుంచి వచ్చిందన్న ప్రశ్నకు అందరికీ ఇష్టమైన జవాబు ఇది. ఆస్ట్రియా పురాజీవ శాస్త్రవేత్త ఒథెనియో ఆబెల్ 1914లో ఒక ఊహ చేశాడు. సిసిలీ గుహల్లో మరుగుజ్జు ఏనుగుల శిలాజాలు దొరుకుతాయి. పెరిగిన ఏనుగు కూడా భుజం దగ్గర మీటరు ఎత్తు లేని జాతి ఒకటి అక్కడ బతికింది. ఏనుగు పుర్రెను ఎదురుగా నిలబెడితే నడిమధ్యన పెద్ద గుంట ఉంటుంది. అది తొండానికి సంబంధించిన ముక్కు రంధ్రం. అసలు కంటి గూళ్ళు పక్కలకు పోయి అంతగా కనబడవు. ఏనుగును ఎన్నడూ చూడని గ్రీకు నావికుడికి అది నుదుటి కన్నులాగే తోచి ఉంటుందని ఆబెల్ ఊహ.

చూడడానికి ముచ్చటగా ఉంటుంది, మ్యూజియంలో ఆ పుర్రెను చూసినవాళ్ళు వెంటనే నమ్మేస్తారు. కానీ ఫలానా పుర్రె సైక్లోప్స్‌దని ఏ ప్రాచీన గ్రీకూ రాసిపెట్టిన దాఖలా లేదు. కాబట్టి నమ్మకానికి ఒక మెట్టు కిందే దీన్ని ఉంచాలి.

ఆ బుల్లి ఏనుగు శాస్త్రీయ నామంలో ఒక మన దేశపు ముడి ఉంది. 'ఫాల్కనెరి' అన్న పేరు హ్యూ ఫాల్కనర్ గౌరవార్థం పెట్టారు. సహారన్‌పూర్ తోట బాధ్యత చూస్తూ శివాలిక్ కొండల్లో శిలాజాలు తవ్విన స్కాట్లండ్ వైద్యుడు ఆయన. అక్కడి జనం ఆ రాతి ఎముకల్ని 'బిజ్లీ కీ హాడ్', అంటే మెరుపు ఎముకలు అనేవారట. పిడుగుల్ని తయారుచేసే సైక్లోప్స్ పేర్లు ఉరుము, మెరుపు అని ముందు చెప్పుకున్నాం కదా. సంబంధం ఏమీ లేదు. కానీ రెండూ పక్కపక్కన పెట్టకుండా ఉండలేకపోయాను.

ఏనుగుల మాట వచ్చింది కాబట్టి: క్రీస్తుశకం ఒకటో శతాబ్దంలో రోమన్ రచయిత ప్లినీ 'అందారే' అనే జాతి గురించి రాశాడు. కోటగోడలున్న పట్టణాలు 30, కాల్బలం లక్ష, గుర్రాలు 2,000, ఏనుగులు 1,000 అని లెక్క. ఈ అందారేలు ఆంధ్రులే. ఈ వివరం మెగస్తనీసు రాసిన ఇండికా నుంచి తీసుకున్నదే అయ్యుంటుందని చరిత్రకారుల అభిప్రాయం. వెయ్యి ఏనుగులు ఇంటిముందు నిలబడి ఉన్న జనం ఏనుగు పుర్రెను చూసి రాక్షసుడనుకోరు. అందుకేనేమో, మన ఒంటికన్నువాడి కన్ను నుదుట లేదు, రొమ్ము మీదికి దిగింది.

మెగస్తనీసు చెవిలో ఎవరో ఊదారు

ఆ మెగస్తనీసే చంద్రగుప్త మౌర్యుడి కాలంలో పాటలీపుత్రానికి రాయబారిగా వచ్చి, తిరిగి వెళ్ళి, ఇండియాలో నుదుట ఒకటే కన్ను, కుక్క చెవులు ఉన్న మనుషులున్నారని రాశాడు. చెవులు పాదాలదాకా వేలాడి, వాటిల్లోనే పడుకునేవాళ్ళున్నారనీ రాశాడు. భూగోళ రచయిత స్ట్రాబో ఆయన్ని అబద్ధాలకోరుల జాబితాలో చేర్చాడు. పాపం, అంత తప్పు ఆయనది కాదు. చెవుల దుప్పటి గుర్తుందా? సుందరకాండలో చూశాం. మహాభారతం సభాపర్వంలో రాజసూయానికి కానుకలు తెచ్చినవాళ్ళ వరుసలో నుదుట కళ్ళున్నవాళ్ళు కూడా ఉన్నారు. పాటలీపుత్రంలో ఎవరో పెద్దమనిషి మన పురాణం చెబితే, రాయబారి దాన్ని జనాభా లెక్కగా రాసుకుని ఉంటాడు.

గొర్రెపిల్లలు

1950లలో అమెరికాలోని ఐడహో రాష్ట్రంలో గొర్రెల పెంపకందార్లకు పెద్ద చిక్కు వచ్చింది. ముఖం మధ్యన ఒకే కన్నుతో పిల్లలు పుడుతున్నాయి. శాస్త్రవేత్తలు ఏళ్ళ తరబడి వెతికితే దోషం ఒక కొండమొక్కదని తేలింది. పేరు వెరాట్రమ్ కాలిఫోర్నికమ్. చూలు నిలిచిన సుమారు 14వ రోజున తల్లి దాన్ని మేస్తే పిల్ల మెదడు రెండుగా విడివడడం ఆగిపోతుంది, దాంతో కళ్ళూ రెండు కావు. అందులోని విషపదార్థానికి సైక్లోపమిన్ అని పేరుపెట్టారు.

కథ అక్కడితో ఆగలేదు. పిండంలో కుడి ఎడమల్ని తీర్చే ఒక జన్యుసంకేతాన్ని ఆ పదార్థం ఆపుతుందని తరవాత తెలిసింది. అదే సంకేతం అదుపు తప్పితే ఒక రకం చర్మ క్యాన్సర్ వస్తుంది. ఆ దారిని మూసే మందు విస్మోడెగిబ్‌కు 2012లో అమెరికాలో అనుమతి వచ్చింది. పాలిఫెమస్ గొర్రెల కాపరి అన్నది మరిచిపోకండి. వెరాట్రమ్ జాతి మొక్కలు యూరప్ కొండల్లోనూ ఉన్నాయి, కాబట్టి అలాంటి పిల్లను చూసిన కాపరులే కథ అల్లారని వాదించేవాళ్ళున్నారు. నాకు ఏనుగు పుర్రె కన్నా ఇదే దగ్గరగా అనిపిస్తుంది. మన పల్లెల్లో ఎక్కడైనా ఒంటికన్ను మేకపిల్ల పుడితే ఏమవుతుందో చూశాం కదా. బొట్టుపెట్టి, పసుపునీళ్ళు చల్లి, "బ్రహ్మంగారు ఎప్పుడో చెప్పారు" అంటారు. ఇప్పుడైతే సాయంత్రానికల్లా వీడియో ఫోన్లన్నీ చుట్టేస్తుంది. పిల్ల మాత్రం పాపం గంటల్లోనే పోతుంది.

రాకాసి గుళ్ళు

మైసీనే, టిరిన్స్ కోటల గోడలు చూసి తరవాతి గ్రీకులు బెదిరిపోయారు. అంత పెద్ద బండల్ని మనుషులు ఎత్తలేరు, సైక్లోప్స్ పేర్చి ఉంటారన్నారు. ఇప్పటికీ సున్నం లేకుండా పెద్ద రాళ్ళు పేర్చిన గోడను 'సైక్లోపియన్' అనే అంటారు. మనవాళ్ళూ అచ్చం ఇదే చేశారు. ములుగు జిల్లా తాడ్వాయి దగ్గర దామెరవాయి అడవిలో నాలుగు బండలు నిలిపి పైన ఒక పెద్ద బండ కప్పిన పాతకాలపు సమాధులు గుట్టల నిండా ఉన్నాయి. ఊరివాళ్ళు వాటిని రాకాసి గుళ్ళు అంటారు. తెనాలి, రేపల్లె వైపు ఇలాంటివి దొరకవు. అంతా ఒండ్రుమట్టి, గుండ్రాయి కావాలన్నా లారీలో రావాలి. పాలిఫెమస్ వచ్చినా దాక్కునే గుహ లేక తాటితోపులో నిలబడాలి.

పిడుగులు చేసిన సైక్లోప్స్ కమ్మరుల గురించి కూడా ఒక ఊహ ఉంది: నిప్పురవ్వలు పడకుండా ఒక కంటికి గంత కట్టుకునేవారని, అదే కథ అయిందని. రుజువు లేదు. పాత ఇనుపసామానుతో నిలువెత్తు బొమ్మలు చేసే తెనాలి శిల్పులను చూస్తే రెండు కళ్ళకూ అద్దాలే ఉంటాయి.

నెత్తికన్ను

ఈ కథ గ్రీకుల సొంత సొత్తు కాదనడానికి తుర్కుల 'దెదె కోర్కుత్' గాథ ఒక్కటి చాలు. అందులో రాక్షసుడి పేరు టెపెగోజ్. మాటకు మాట పెడితే నెత్తికన్ను. బసాత్ అనే వీరుడు కాల్చిన ఇనుపచువ్వతో ఆ కన్ను పొడిచి, గొర్రెతోలు కప్పుకుని గుహ దాటుతాడు. విల్హెల్మ్ గ్రిమ్ 1857లోనే ఇలాంటి కథలు కుప్పపోశాడు. ఫ్రాన్సు పరిశోధకుడు జూలియన్ దుయి వాటిని జీవజాతుల వంశవృక్షంలా అమర్చి, దీని వేర్లు పాతరాతియుగం దాకా పోతాయన్నాడు. ఒడీసియస్ మాత్రం బయటపడ్డాక ఓడలో నోరుమూసుకోలేదు, గర్వంగా అసలు పేరు అరిచి చెప్పాడు. పాలిఫెమస్ తండ్రి సముద్రదేవుడు. ఆ శాపంతో రూపధరుడు ఏళ్ళతరబడి ఇల్లు చేరలేదు. కళ్ళు నెత్తికెక్కింది ఎవరికో మరి.

బాపట్లలో చివరి రెండు కళ్ళు

వేసవిలో బాపట్ల నుంచి సూర్యలంక పోయే దారిలో ముంజెలమ్మే అతను కాయ చెక్కుతుంటాడు. మామూలుగా తాటికాయకు మూడు కళ్ళు. కొన్నిట్లో రెండే ఉంటాయి, అరుదుగా ఒకటి. ఒంటికన్ను కాయ తగిలితే కొనేవాడు మొహం ముడుచుకుని ఇంకోటి చెక్కమంటాడు. అదే పూజాసామగ్రి కొట్టుకు పోతే ఏకాక్షి నారికేళం అద్దాల బీరువాలో ఎర్రగుడ్డ మీద కూర్చుని ఉంటుంది, ధర అడగడానికే భయం. మామూలు కొబ్బరికాయకు మూడు కళ్ళున్నా, వేలుపెట్టి నొక్కితే మెత్తగా దిగేది ఒక్కటే. మొలక వచ్చేది దాంట్లోంచే.